నిరోధనీతి: గట్టు ఎందాక?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు కోరిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. పగలు లెక్కలు వ్రాయుట, రాత్రివేళ భారతమో అర్థశాస్త్రమో విప్పుకొని కూర్చుండుట, ఇంతియే నా చదువు. అట్టివాడు అమెరికా రాజకీయములను గూర్చి మాటలాడుట యేమని కొందఱకు తోపవచ్చును. కాని రాజ్యములకును ఆయవ్యయములు కలవు. లెక్క వ్రాయువాడు వానిని తన పద్ధతిని చూచుట తప్పు గాదు.

నేడు మన ప్రాంతమున ఏ వీధిలో విచారించినను అమెరికాలో ఒక బిడ్డయైన నున్న యిల్లు కనబడును. ఆ దేశము మనకు చదువుల దేశముగను, జీతముల దేశముగను తెలియును. కాని రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945 మొదలు దాదాపు నలువదియైదేండ్లు ఆ దేశము ఒక భయముతో కాపురము చేసెననియు, ఆ భయము దానిచేత కొన్ని గొప్ప పనులను, కొన్ని ఘోరములను గూడ చేయించెననియు మన పిల్లలకు అంతగా తెలియదు. ఆ భయము కమ్యూనిజమును గూర్చినది. అది పరదేశములలో వ్యాపింపకుండ నాపుటకై వారేర్పఱచుకొన్న విధానమును ఆంగ్లమున 'కంటైన్‌మెంటు' అందురు. మనము నిరోధనీతి యందము.

కమ్యూనిజము మంచిదా చెడ్డదా యను వాదమునకు నేను పూనుకొనుట లేదు. మన యూర రెండు పక్షములవారును కలరు. ఉభయులును ఈ గ్రంథాలయమునకు చందాదారులే. నేనడుగదలచిన ప్రశ్న వేఱు. ఒక దేశమునకు శత్రువు నిజముగనే యున్నప్పుడు, ఆ శత్రువు బలమెంత, మన భయమెంత యని కొలిచి చెప్పువారెవ్వరు? అట్టివారిని ఆ దేశమే వెళ్ళగొట్టుకొన్నచో ఏమగును?

మొదట కాలస్థితిని చెప్పెదను. 1945లో జర్మనీ ఓడెను, జపాను ఓడెను. ఐరోపాలో నగరములు బూడిదయై యుండెను. బ్రిటను, ఫ్రాన్సు గెలిచియు చితికిపోయెను. నిలిచినవి రెండే రాజ్యములు: అమెరికా, సోవియటు రష్యా. రష్యా ఆ యుద్ధమున కోట్లకొలది జనులను పోగొట్టుకొని, జర్మనులను తరుముకొనుచు ఐరోపా నడిబొడ్డువఱకు వచ్చి, వచ్చినచోటనుండి కదలలేదు. పోలండు, రుమేనియా, బల్గేరియా, హంగరీ మొదలగు దేశములలో స్టాలిను చెప్పినట్లు నడుచు ప్రభుత్వము లేర్పడుచుండెను. నిన్నటి మిత్రుడు నేడేమి తలచుచున్నాడో అమెరికావారికి బోధపడలేదు.

అప్పుడు మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయమున జార్జి కెన్నను అను నుద్యోగి యుండెను. ఆయన రష్యను భాషను, ఆ దేశచరిత్రను శ్రద్ధగ చదివినవాడు. 1946 ఫిబ్రవరి 22వ తేదీని ఆయన తన ప్రభుత్వమునకు అయిదువేలకు మించిన మాటలతో ఒక తంతివార్త పంపెను. తంతి యనగా పది మాటలలో చెప్పవలసినదని యెఱిగిన మనకు ఇది వింతగనే తోచును. దాని సారాంశమిది. సోవియటు ప్రభువులకు తమ పాలనను నిలుపుకొనుటకు బయట ఒక శత్రువు కావలెను; కావున వారితో గాఢస్నేహము కుదురదు. అయినను వారు హిట్లరువలె తొందరపడి యుద్ధమునకు దుముకువారు గారు. గట్టిగ నెదురు నిలిచినచో వెనుకకు తగ్గుదురు. వారి సిద్ధాంతము రోగముతో నున్న సంఘమునందే వేరూనును. కావున మన సంఘమును ఆరోగ్యముగ నుంచుకొనుటయే మొదటి రక్షణ. వారితో పోరాడుచు పోరాడుచు మనము వారివంటివారమే యగుదుమేమో, అదియే పెద్ద యపాయమని యాయన చివర హెచ్చరించెను.

1947 జూలైలో పేరు చెప్పక 'ఎక్సు' అను నొక్క యక్షరముతో ఆయన ఒక వ్యాసము ప్రకటించెను. ఓపికతో, దీర్ఘకాలము, జాగరూకతతో నిరోధించినచో సోవియటు శక్తి లోలోపలనే మెత్తబడును లేదా విచ్ఛిన్నమగునని అందు వ్రాసెను. కౌటిల్యుడు రాజునకు సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము అని ఆఱు గుణములు చెప్పెను. కెన్నను చెప్పినది ఇందులో ఆసనమునకు దగ్గఱ. దండెత్తడు, లొంగడు; తన స్థానమును బలపఱచుకొని కాలమునకై వేచియుండును.

ఇక్కడ మన చెఱువు గట్టు నుపమానముగ దీసికొనవచ్చును. వఱద వచ్చినప్పుడు తెలివిగలవాడు ఏమి చేయును? ఎక్కడ గండి పడినచో ఊరు మునుగునో ఆ చోటు చూచి అక్కడ మట్టి వేయించును. ఆయకట్టు పొడవునను, మిట్టలమీదను, బీళ్ళమీదను గట్టు వేయించడు. వేయించినచో మనుషులు చాలరు, మట్టి చాలదు, ముఖ్యమైన చోట గట్టు పలుచనగును. కెన్నను లెక్కయు నిట్టిదే. లోకమున పెద్ద యంత్రపరిశ్రమలు గల చోట్లు అమెరికా, బ్రిటను, రైను నదీప్రాంతము, జపాను, రష్యా అని యైదు మాత్రమే కలవు. అందు నాలుగు రష్యా చేతికి చిక్కకుండ నున్నచో చాలునని ఆయన మతము. ఆ వ్యాసమున కొన్ని మాటలు ఇంతకంటె విశాలముగ నర్థము చేసికొనుటకు చోటిచ్చినవని ఆయనయే తరువాతి కాలమున ఒప్పుకొనెను.

అయితే గట్టు ఎందాక వేయవలెనో నిర్ణయించినది కెన్నను గాదు. నిర్ణయించినవి ఆ దేశపు ఎన్నికలు, ఆ దేశపు సభలు.

1946 నవంబరు ఎన్నికలలో అధ్యక్షుడు ట్రూమను పక్షమైన డెమోక్రాటులు ఓడిరి; కాంగ్రెసు ఉభయసభలును రిపబ్లికనుల వశమయ్యెను. (అమెరికాలో కాంగ్రెసు అనగా పార్టీ కాదు, సెనేటు, ప్రతినిధుల సభ కలిసిన శాసనసభ.) 1947 ఫిబ్రవరిలో బ్రిటను, తాను గ్రీసునకు, టర్కీకి ఇక సాయము చేయజాలనని తెలిపెను. గ్రీసులో అంతర్యుద్ధము జరుగుచుండెను. ఆ రెండు దేశములకు 40 కోట్ల డాలర్లు కావలెను. పన్నులు తగ్గింతుమని చెప్పి గెలిచిన సభ డబ్బిచ్చునా? కావున మార్చి 12వ తేదీని ట్రూమను సభకు వచ్చి రెండు దేశముల యక్కఱ మాత్రము చెప్పలేదు. లోకమంతయు స్వేచ్ఛ, నిర్బంధము అను రెండు జీవనమార్గములుగ చీలినదనియు, ఒత్తిడి నెదిరించు స్వేచ్ఛాప్రజల నందఱను ఆదుకొనుట అమెరికా విధియనియు చెప్పెను. సభ డబ్బిచ్చెను.

లెక్కల దృష్టితో చూడుడు. ఖర్చు 40 కోట్లు. వ్రాసియిచ్చిన పత్రములో మాత్రము హద్దు లేదు. సరిహద్దులు వ్రాయని దస్తావేజు ఎంత తగవు తెచ్చునో మన గ్రామములలో తెలియనివారు లేరు.

ఆ ప్రసంగమునకు తొమ్మిదవ దినమున, మార్చి 21న, ట్రూమను మఱియొక యుత్తరువు చేసెను. ప్రభుత్వోద్యోగులందఱి రాజభక్తిని విచారింపవలెనని దాని భావము. బయట కమ్యూనిజము నాపుదునన్నవాడు ఇంట నుపేక్షించుచున్నాడని ప్రతిపక్షులు అనకుండుటకు ఆ యుత్తరువు పనికివచ్చెను. ఎవరు నేరము మోపిరో నిందితునకు చెప్పకయే విచారించు పద్ధతి దానివలన వచ్చెను. బయటి గట్టు, ఇంటిలోని శంక, రెండును తొమ్మిది దినముల యెడములో పుట్టిన కవలపిల్లలు.

అయినను జమ వైపు వ్రాయవలసినది నిండుగ కలదు. దానిని దాచుట ధర్మము గాదు. 1947 జూను 5న విదేశాంగ మంత్రి జార్జి మార్షలు ఐరోపాను పునర్నిర్మించు పథకమును ప్రతిపాదించెను. 1948 ఏప్రిలులో అది శాసనమయ్యెను. నాలుగేండ్లలో సుమారు 1300 కోట్ల డాలర్ల సాయము పదునాఱు దేశములకు పోయెను. అందు గోధుమలు, బొగ్గు, యంత్రములు, ఎరువులు కలవు. ఆకలి తగ్గిన యిండ్లలో అతివాదము తగ్గెను. రష్యాయు దాని వశములోని దేశములును ఆ సాయమును వలదనెను. తీసికొనదలచిన చెకొస్లొవేకియాను స్టాలిను వెనుకకు లాగెను. 1948 ఫిబ్రవరిలో అక్కడ కమ్యూనిస్టులు అధికారమునంతయు చేజిక్కించుకొనిరి.

అదే సంవత్సరము జూనులో రష్యావారు పశ్చిమ బెర్లినునకు పోవు దారులన్నియు మూసిరి. ఇరువది లక్షలకు మించిన జనము అందులో చిక్కుకొనెను. అమెరికా, బ్రిటను తుపాకి కాల్చలేదు. నగరమును విడువనూ లేదు. విమానములమీద బొగ్గు, పిండి, పాలపొడి మోసికొనిపోయెను. 1949 మే 12న రష్యావారే దారులు తెఱచిరి. మొత్తముమీద రెండు లక్షల డెబ్బదియేడువేలకు మించిన ప్రయాణములలో ఇరువదిమూడు లక్షల టన్నుల సరకు చేరెను. గండిపడు చోట మట్టి వేయుట యనగా ఇదియే.

ఆపై 1949 రెండవ సగమున రెండు పిడుగులు పడెను. ఆగష్టు 29న రష్యా అణుబాంబును పరీక్షించెను. అక్టోబరు 1న పెకింగులో మావో సేటుంగు జనతా రిపబ్లికును ప్రకటించెను. చైనావంటి మహాదేశము ఏల పోయెనని అమెరికాలో ప్రశ్న పుట్టెను. చైనా వారి జేబులోనిది గాదు గదా, పోవుటకు! అయినను 'చైనాను పోగొట్టినవారెవరు' అను ప్రశ్న ఎన్నికల వేదికలనెక్కెను.

1950 ఫిబ్రవరి 9న వెస్టు వర్జీనియాలోని వీలింగు పట్టణమున జోసెఫ్ మెకార్తీ యను సెనేటరు ఒక కాగితము చేతబట్టి, విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారు, పట్టిక నావద్ద నున్నదని చెప్పెను. పత్రికలలో వచ్చిన సంఖ్య 205. కొలది దినములకు అది 57 అయ్యెను. అదే నెల 20న సెనేటులో 81 అయ్యెను. పూటకొక మొత్తము చూపు చిట్టాను ఏ జమాబందీలోనైన అంగీకరింతురా? సెనేటు ఉపసంఘమొకటి విచారించి, ఆ యారోపణములు బూటకములని ఆ జూలైలోనే వ్రాసెను. ఆ యుపసంఘమునకు అధ్యక్షుడైన టైడింగ్సు ఆ నవంబరు ఎన్నికలో ఓడిపోయెను. ఆ యోటమిని చూచి తక్కినవారు నోరు మూసికొనిరి.

ఇక్కడ న్యాయము తప్పరాదు. అమెరికాలో రష్యా గూఢచారులు లేరా? ఉండిరి. అణురహస్యములను అందించిన క్లాసు ఫుక్సు 1950లో బ్రిటనులో తానే ఒప్పుకొనెను. రష్యా రహస్యవార్తలను అమెరికావారు విప్పి చదివిన కాగితములు 1995లో బయటికి వచ్చెను. అవి చూడగా ఆ కాలపు గూఢచర్యము చిన్నది గాదని తెలిసెను. త్రాటిని చూచి పామనుకొనుట రజ్జుసర్పభ్రాంతి యని వేదాంతులు చెప్పుదురు. ఇక్కడ పాము నిజముగనే యుండెను. అయితే పాము దూఱిన యింట దీపము వెలిగించి వెదకవలెను గాని, దీపములార్పి కనబడిన త్రాటినెల్ల కొట్టరాదు. మెకార్తీ పట్టిన గూఢచారి ఒక్కడును లేడు.

ఆయన వలనను, ఆయనవంటివారి వలనను ఆఱిన దీపములెవ్వియో చెప్పెదను. జాను సర్వీసు, జాను పేటను డేవిసు, జాను కార్టరు విన్సెంటు అని విదేశాంగ శాఖలో చైనా నెఱిగిన యుద్యోగులుండిరి. సర్వీసు, డేవిసు చైనాలో క్రైస్తవ మిషనరీల యింట పుట్టినవారు. చాంగ్ కై షేకు ప్రభుత్వము లంచములతో కుళ్ళినది, జనము దానిని విడుచుచున్నారు, కమ్యూనిస్టులు పల్లెలలో బలపడుచున్నారు అని యుద్ధకాలముననే సర్వీసు, డేవిసు నివేదికలు వ్రాసిరి. వారు చెప్పినట్లే జరిగెను. అప్పుడేమైనది? వాన వచ్చునని చెప్పిన పంచాంగకర్తను, వాన తెచ్చినవాడు నీవే యని దండించినట్లయ్యెను. సర్వీసును 1951 డిసెంబరులో తొలగించిరి. 1957లో వారి సుప్రీముకోర్టు ఆ తొలగింపు చెల్లదనెను. విన్సెంటును 1953లో బలవంతముగ విశ్రాంతికి పంపిరి. డేవిసును 1954లో తొలగించిరి. మిగిలిన యుద్యోగులు ఒక పాఠము నేర్చుకొనిరి: చూచినది వ్రాయవలదు, పైవారు వినగోరినది వ్రాయవలెను.

ఈ లోపల గట్టు పెరుగుచునే యుండెను. 1950 ఏప్రిలులో వారి జాతీయభద్రతా మండలికి 68వ సంఖ్య గల రహస్యపత్రము సిద్ధమయ్యెను. ఎక్కడ స్వేచ్ఛ ఓడినను అంతటను ఓడినట్లే యని దాని తాత్పర్యము. ఏ చోటు ముఖ్యము, ఏది కాదు అను విచక్షణ అందు లేదు. జూను 25న ఉత్తర కొరియా సైన్యము దక్షిణమున కురికెను. దానిని త్రిప్పికొట్టుటకు ఐక్యరాజ్యసమితి సమ్మతి దొరకెను. అంతవఱకు న్యాయముగనే యుండెను. కాని గెలుపు చూచి, సరిహద్దు దాటి ఉత్తరమునకు పోవలెనను ఆశ పుట్టెను. అట్లు వచ్చినచో మేము ఊరకుండమని చైనా ప్రధాని చౌ ఎన్ లై 1950 అక్టోబరు మొదటి దినములలో మన రాయబారి పణిక్కరు ద్వారా కబురు పంపెను. ఆ కబురును అమెరికా నమ్మలేదు. చైనా సైన్యములు వచ్చి పడెను. 1953 జూలై 27న పోరు నిలిచినప్పుడు సరిహద్దు ఇంచుమించు మొదలున్న చోటనే యుండెను. అమెరికా సైనికులు 36 వేలకు మించి చచ్చిరి. కొరియనులు, చైనీయులు లక్షలకొలది. అమెరికా రక్షణవ్యయము 1950లో సుమారు 1300 కోట్ల డాలర్లు. 1953 నాటికి 5000 కోట్లు దాటెను.

మనమొక గ్రంథాలయ సభలో నున్నాము గనుక, ఇప్పుడు చెప్పబోవునది మనకు మఱింత దగ్గఱ. అమెరికా ప్రభుత్వము పరదేశములలో గ్రంథాలయములు నడపెను. మా దేశమున ఎవరేమి వ్రాసినను చదువవచ్చును, చూడుడని లోకమునకు చాటుట వాని యుద్దేశము. 1953 ఏప్రిలులో మెకార్తీ సహాయకులగు కోను, షైను అను నిద్దఱు యువకులు ఐరోపాలోని ఆ గ్రంథాలయములను తనిఖీ చేయబోయిరి. ఏ గ్రంథకర్త ఎర్రవాడు, ఎవని పుస్తకము అలమారులో నుండరాదు అని విచారణ. విదేశాంగ శాఖ భయపడి పుస్తకములు తీయించెను. నీగ్రోజాతి మహాకవి లాంగ్‌స్టను హ్యూసు కవిత్వము పోయెను. అపరాధపరిశోధక కథలు వ్రాసిన డాషియలు హామెటు పుస్తకములును పోయెను. కొన్నింటిని కాల్చిరి కూడ. ఇరువదియేండ్ల క్రిందట, 1933లో, బెర్లినులో నాజీలు పుస్తకములు కాల్చినారని అసహ్యించుకొన్న దేశమిది!

అప్పుడు కొందఱు ధైర్యము చేసిరి. జూను 14న అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఒక కళాశాల పట్టభద్రుల సభలో, పుస్తకములు కాల్చువారితో చేరకుడని, గ్రంథాలయమునకు పోయి ఏ పుస్తకమైన చదువుటకు జంకవలదని, తెలియనిదానిని ఓడింపలేమని చెప్పెను. ఆయన మాటయు అంత తేలికగ వచ్చినది గాదు. అంతకు ముందటి యేటి ఎన్నికలలో, మెకార్తీ దేశద్రోహియని దూషించిన మార్షలును, తనకు గురుతుల్యుడైన వానిని, సమర్థించు వాక్యములను ఆయన తన ప్రసంగమునుండి తీసివేసెను. మహాయుద్ధమున సేనలను నడిపినవానికి సైతము ఆ భయము తగిలెను. అదే జూను నెలలో అమెరికా గ్రంథాలయ సంఘము చదువుకొను స్వేచ్ఛను గూర్చి ఒక ప్రకటన చేసెను. ఎవ్వరికి నచ్చకున్నను భిన్నాభిప్రాయముల పుస్తకములను అందుబాటులో నుంచుట తమ ధర్మమని అందు వ్రాసికొనిరి. సెనేటర్లు తడబడినచోట పుస్తకముల బీరువాలు చూచుకొనువారు నిలిచిరి.

సెనేటులో ధైర్యము లేకపోలేదు. 1950 జూను 1ననే మార్గరెటు చేసు స్మితు, ఆనాడు ఆ సభలో నున్న యేకైక మహిళ, తన పక్షమువాడేయైన మెకార్తీ పద్ధతిని ఎదురుగనే ఖండించెను. ఆఱుగురు సభ్యులు మాత్రము ఆమెతో చేరిరి. 1954లో మెకార్తీ సైన్యముమీదికే పోగా ఆ విచారణ టెలివిజనులో దేశమంతయు చూచెను. ఆ డిసెంబరు 2న సెనేటు 67 వోట్లకు 22 వోట్లతో ఆయన నభిశంసించెను. 1957లో ఆయన మరణించెను.

ఇందు ఒక ముఖ్యభేదము గమనింపవలెను. స్టాలిను రాజ్యమున అనుమానితులు లక్షలకొలది చెఱలపాలైరి, చంపబడిరి. వారి లెక్క చూచుటకు జమాబందీ లేదు, చూడుమని యడిగిన గొంతు లేదు. అమెరికాలో సభ, న్యాయస్థానము, పత్రిక మూడును నాలుగేండ్ల తరువాతనైన లెక్క తప్పని వ్రాసెను. అయితే తప్పును గుర్తించినంత మాత్రమున నష్టము తిరిగి రాదు. మెకార్తీ పోయెను గాని ఆయన విత్తిన భయము నిలిచెను.

ఆ పంట వియత్నాములో కోతకు వచ్చెను. 1954లో ఫ్రెంచివారు డియను బియను ఫూలో ఓడి వెడలిరి. ఒక దేశము పోయినచో ప్రక్క దేశములు వరుసగ పడునని అమెరికా నమ్మెను. హోచిమిను కమ్యూనిస్టు, నిజమే. కాని వియత్నామీయులు వేయేండ్లుగ చైనా నెదిరించిన జాతి యని, హోచిమినును వారు తమ స్వాతంత్ర్యయోధునిగ చూచుచున్నారని చెప్పగల యుద్యోగులు ఆ శాఖలో మిగులలేదు. 1964 ఆగష్టు 7న యుద్ధమునకు హద్దులేని యధికారము నిచ్చు తీర్మానము ప్రతినిధుల సభలో 416 వోట్లతో, వ్యతిరేకత లేక, నెగ్గెను. సెనేటులో 88 మంది ఔనన్నారు. మోర్సు, గ్రూనింగు అను నిద్దఱే కాదన్నారు. చైనా పోయినందుకు ట్రూమనునకు పట్టిన గతి, వియత్నాము పోయినచో తనకు పట్టునని అధ్యక్షుడు జాన్‌సను భయపడెను. 1966 ఫిబ్రవరిలో కెన్నను సెనేటు సంఘము ముందు కూర్చుండి, ఈ యుద్ధము నేను చెప్పిన నీతి గాదని చెప్పెను. విదురుని మాటవలె అది వినబడెను, ఆచరింపబడలేదు. 1975 ఏప్రిలు 30న సైగాను పడునప్పటికి అమెరికావారు 58 వేలమందికి మించి, వియత్నామీయులు లెక్కకు మిక్కిలిగ చచ్చిరి. ఆ యుద్ధకాలమున రక్షణమంత్రియైన మెక్‌నమారా 1995లో తన గ్రంథమున వ్రాసెను: డేవిసు, సర్వీసు, విన్సెంటువంటి ప్రాచ్యదేశ నిపుణులను మెకార్తీకాలమున తఱిమివేసితిమి, అట్టివారు లేకపోవుటచే చైనాను, హోచిమినును తప్పుగ చదివితిమని. నలువదియేండ్ల తరువాత ఆ ఖాతాకు వ్రాసిన ముగింపు పంక్తి అది.

మన దేశమును ఆ భయము తాకకపోలేదు. 1954లో అమెరికా పాకిస్తానుతో సైనిక సాయపు టొడంబడిక చేసికొనెను. నెహ్రూగారు ఏ కూటమిలోను చేరలేదు; తటస్థత నీతిబాహ్యమని విదేశాంగ మంత్రి డల్లెసు 1956లో అనెను. 1951లో మనకు కఱవు వచ్చినప్పుడు 20 లక్షల టన్నుల గోధుమకై 19 కోట్ల డాలర్ల ఋణము వారి కాంగ్రెసులో నెలల తరబడి నానెను. కొరియా విషయమున మనము వేఱుమాట చెప్పుట అందుకొక కారణము. తరువాత, 1954 నాటి పీ.ఎల్. 480 అను శాసనము క్రింద గోధుమలు రూపాయలకే ఇయ్యసాగిరి. 1965 మొదలు రెండేండ్లు ఆ గోధుమలను నెలనెల కొలిచి పంపిరి. మన వ్యవసాయమును సంస్కరింపజేయుట ముఖ్యోద్దేశమే. వియత్నామును గూర్చి మనము విమర్శించితిమను కోపమును అందు కలసెను. అన్నము పెట్టిన చేతిని మఱువరాదు. కొలిచి పెట్టిన చేతిని గూడ మన పెద్దలు మఱువలేదు.

ఇప్పుడొక యాక్షేపము రావచ్చును. కరణీకపు మాటలెన్ని చెప్పినను, 1989లో బెర్లిను గోడ కూలినది, 1991 డిసెంబరులో సోవియటు యూనియను అంతరించినది. నిరోధనీతి గెలిచినది గదా? ఔను, గెలిచినది. అయితే ఏది గెలిచెనో వేఱుచేసి చూడవలెను. గెలిచినది 1947 నాటి ఓపిక. పశ్చిమ ఐరోపాలోను జపానులోను నిలిచిన గట్టు గెలిచెను. లోపలినుండి మెత్తబడి విచ్ఛిన్నమగునని కెన్నను చెప్పినట్లే జరిగెను. 2005లో నూటయొక్క యేండ్ల వయసున మరణించిన ఆయన దానిని కన్నులార చూచెను. వియత్నాములో వేసిన గట్టు తెగిపోయెను. లావోసు, కంబోడియాలు గూడ పోయెను. అయినను థాయిలాండు పడలేదు, మలేసియా పడలేదు, ఇండోనీసియా పడలేదు. 1995లో అమెరికా ఆ వియత్నాముతోనే రాయబార సంబంధములు పెట్టుకొనెను. మఱి ఆ 58 వేలమంది ఏ పద్దున చెల్లు?

ఆ కాలపు ఖాతాలో అందఱును మఱచిన చిన్న పద్దొకటి కలదు. గోధుమలకై మనము చెల్లించిన రూపాయలు ఈ దేశముననే నిలువ యుండెను. 1962 మొదలు ఆ సొమ్ములో కొంతతో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము మన దేశభాషల పుస్తకములు కొని, తమ విశ్వవిద్యాలయముల గ్రంథాలయములకు పంపసాగెను. అందు తెలుగు పుస్తకములును కలవు. చైనా నెఱిగినవారిని వెళ్ళగొట్టిన దేశమే, పదియేండ్లు తిరుగకమున్నే ఇతరులనెఱుగుటకు పుస్తకములు కొనుట మొదలుపెట్టెను. ఆ గోధుమలు ఏనాడో అఱిగిపోయినవి. ఆ పుస్తకములు చదివి తెలుగు నేర్చిన అమెరికావారు ఉన్నారు.

మన గ్రంథాలయపు తూర్పు బీరువాలో మాస్కోలో తెలుగున అచ్చయిన పుస్తకములు కలవు. దాని ప్రక్కనే అమెరికా రాయబార కార్యాలయము ప్రకటించిన 'స్పాను' పత్రిక పాత సంపుటములు కలవు. పూర్వము ఈ రెండును ఒకదానినొకటి ఓడించుటకే మన దేశమునకు వచ్చెను. ఇప్పుడు ఒకే బీరువాలో తగవు లేక కూర్చున్నవి. వీనిలో ఒకదానిని తీసివేయుడని ఆయా పక్షములవారు అప్పుడప్పుడు మన కార్యదర్శిగారి నడుగుట కలదు. ఈ రజతోత్సవ వేళ నా విన్నపమొక్కటే: ఏ పుస్తకమును 'ఇది వారిది' యను కారణమున తీయవలదు. మన కెదుటివాడేమి తలచుచున్నాడో చెప్పు దీపములవి. వానిని ఆర్పుకొన్నచో మన గట్టు ఎందాక వేయవలెనో మనకే తెలియదు.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ ఇట్లే, రెండు బీరువాల తలుపులును తెఱచి, జరుపుకొనుగాక! స్వస్తి.